చెరిపే ముందు చూడండి: అప్‌డేట్ మధ్యలో ఆట కూలిపోయినప్పుడు

(విజయవాడ మొగల్రాజపురంలోని ఒక కళాశాల సమావేశ మందిరంలో విద్యార్థులు, తల్లిదండ్రులు, కంప్యూటర్ మరమ్మతు పనివారు హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఎండ ఇంకా దిగకముందే ఇంతమంది వచ్చి కూర్చున్నారు, సంతోషం. ముందు వరుసల్లో విద్యార్థులు, వెనుక వారి తల్లిదండ్రులు, ఆ పక్కన గవర్నర్‌పేట, గాంధీనగర్‌లలో మరమ్మతు దుకాణాలు నడుపుతున్న నా తోటి పనివారు కనిపిస్తున్నారు. ముగ్గురికీ పనికివచ్చేలా మాట్లాడటానికి ప్రయత్నిస్తాను.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లోనే కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. వేసవి సెలవులు మొదలైన దగ్గర నుంచి నా బల్ల మీదికి వచ్చే యంత్రాలలో చాలా వాటి వెంట ఒకే ఫిర్యాదు వస్తుంది: “అప్‌డేట్ పెట్టానండీ, మధ్యలో గేమ్ క్రాష్ అయింది.” ఆ వెంటనే రెండో మాట: “మొత్తం డిలీట్ చేసి మళ్లీ డౌన్‌లోడ్ చేశాను, అయినా అంతే.” ఈ రెండో మాట విన్నప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఎనభై, వంద జీబీల డేటా, రెండు రాత్రుల నిద్ర వృథా కావడం ఒక నష్టం. అంతకన్నా పెద్ద నష్టం, ఆ యంత్రానికి ఏం జబ్బు చేసిందో చెప్పగల ఆనవాళ్లన్నీ ఆ తొలగింపుతో తుడిచిపెట్టుకుపోవడం. వైద్యుడి దగ్గరికి వెళ్లబోయే ముందు జ్వరం కొలిచిన చీటీ చింపివేసినట్లు ఉంటుంది అది.

నేను ఇవాళ చెప్పదలచుకున్న సంగతి ఒక్కటే. అప్‌డేట్ వేళ ఆట కూలిపోతే, చాలా సందర్భాల్లో జబ్బు ఆటలో ఉండదు, అంతకుముందే యంత్రంలో ఉంటుంది. అప్‌డేట్ దానిని బయటికి లాగుతుంది. ఎందుకు లాగుతుందో తెలియాలంటే, అప్‌డేట్ జరుగుతున్నప్పుడు లోపల నడిచే పని ఏమిటో కొంచెం ఓపికగా చూడాలి.

విజయవాడ పుస్తకాల ఊరు కనుక పుస్తకంతోనే చెబుతాను. ఏలూరు రోడ్డులో అచ్చయిన ఒక పెద్ద పుస్తకంలో ఒక ఫారం తప్పుగా పడిందనుకోండి. ఆ పదహారు పేజీలను మార్చాలంటే బైండు విప్పాలి, కొత్త ఫారాన్ని పెట్టాలి, మళ్లీ కుట్టి అట్ట వేయాలి. పని పదహారు పేజీలదే అయినా పుస్తకమంతా బల్ల మీద పరచుకోక తప్పదు. నేటి ఆటలు సరిగ్గా ఇలాంటి బైండు పుస్తకాలే. బొమ్మలు, శబ్దాలు, పటాలు అన్నీ కలిపి కొన్ని పెద్ద ఫైళ్లుగా మూటగట్టి ఉంటాయి, కొన్ని ఆటల్లో ఒక్క ఫైలే నలభై, యాభై జీబీలు ఉంటుంది. స్టీమ్ వంటి, కంప్యూటర్ ఆటలను అమ్మి ఇంటికి చేర్చే పంపిణీ వ్యవస్థ (ఇది 2003 సెప్టెంబరులో మొదలైంది) ప్రతి ఫైలునూ సుమారు ఒక ఎంబీ పరిమాణం గల ముక్కలుగా లెక్కపెట్టి, ప్రతి ముక్కకూ హ్యాష్ అనే ఒక వేలిముద్ర తీసి, ఆ వేలిముద్రలన్నింటినీ ఒక జాబితాలో రాసి ఉంచుతుంది. అప్‌డేట్ వచ్చినప్పుడు పాత జాబితాను, కొత్త జాబితాను పక్కపక్కన పెట్టి, మారిన ముక్కలను మాత్రమే దింపుకుంటుంది. దింపుకున్న ప్రతి ముక్కనూ విప్పి, వేలిముద్ర సరిచూసి, పాత ఫైలులోని మారని భాగాలతో కలిపి, కొత్త ఫైలును పాత ఫైలు పక్కనే మొదటి నుంచి చివరిదాకా రాస్తుంది. అంతా సరిగా ఉందని తేలిన తరువాతే పాతదాన్ని తీసివేసి కొత్తదాన్ని ఆ స్థానంలో నిలుపుతుంది.

“అప్‌డేట్ ఒక్క జీబీయే కదండీ, డిస్కులో పది జీబీ ఖాళీ ఉంది, అయినా చాలదంటుందేమిటి?” అని నన్ను అడిగేవారికి సమాధానం ఇందులోనే ఉంది. మారవలసిన ఫైలు నలభై జీబీలదైతే, కొత్త ప్రతి రాయడానికి మరో నలభై జీబీల చోటు కావాలి. ఈ లెక్క తెలియక, చోటు చాలక ఆగిపోయిన అప్‌డేట్‌ను వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టించుకున్న వారిని నేను చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పని నడుస్తున్నంత సేపూ నెట్ నుంచి డేటా వస్తూ ఉంటుంది, ప్రాసెసర్ తనలోని కోర్లు అనే పని విభాగాలన్నింటితోనూ ముక్కలను విప్పుతూ ఉంటుంది, పని జరుగుతున్నంత సేపు డేటాను నిలుపుకునే ర్యామ్ నిండుతూ ఉంటుంది, డిస్క్ ఒకే సమయంలో పాతది చదువుతూ కొత్తది రాస్తూ ఉంటుంది, యాంటీవైరస్ ప్రతి కొత్త ఫైలునూ ఆపి సోదా చేస్తూ ఉంటుంది. ఆట ఆడుతున్నప్పుడు ఎక్కువ బరువు గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది, అప్పుడు లోపలికి వచ్చిన ఒక బిట్ తప్పయితే తెర మీద ఎక్కడో ఒక చుక్క రంగు మారి ఊరుకోవచ్చు. అప్‌డేట్‌లో అలా కుదరదు. ఒక్క బిట్ మారినా వేలిముద్ర కలవదు, పని ఆగిపోతుంది. “నిన్నటి దాకా బాగానే ఆడింది కదా” అనే మాట యంత్రం ఆరోగ్యంగా ఉందనడానికి రుజువు కాకపోవడానికి కారణం ఇదే.

అందుకని మీ ఇంట్లో ఇలా జరిగినప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న, పడిపోయినది ఏది అని. అప్‌డేట్ చేస్తున్న లాంచర్, అంటే స్టీమ్ వంటి ప్రోగ్రాము, మాత్రమే మూసుకుపోయిందా, అప్‌డేట్ పూర్తయ్యాక ఆట తెరుచుకుంటూ మూసుకుపోతోందా, లేక కంప్యూటర్ మొత్తం ఆరిపోయిందా? జనం ఈ మూడింటినీ “క్రాష్” అనే ఒకే మాటతో చెబుతారు. మూడింటికీ దారులు వేరు. కంప్యూటర్ మొత్తం ఆరిపోయిందంటే ఆటను అనుమానించడం దాదాపు దండగ. కరెంటు, వేడి, ర్యామ్, డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాము) వైపు చూడాలి.

రెండో ప్రశ్న, ఎక్కడ ఆగింది? దీని మీద నేను ఎంత సేపు మాట్లాడినా తక్కువే, ఎందుకంటే ఖర్చు లేని పరీక్ష ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. ఒక కాగితం తీసుకుని, అప్‌డేట్ ఎంత శాతం దగ్గర ఆగిందో, గడియారంలో ఎంత సమయమైందో రాయండి. మళ్లీ ప్రయత్నించండి, మళ్లీ రాయండి. మూడుసార్లు చేస్తే చాలు. మూడుసార్లూ 63 దగ్గరే ఆగితే, ఒక నిర్దిష్టమైన ఫైలు దగ్గర, డిస్కులో ఒక నిర్దిష్టమైన చోట ఏదో అడ్డం పడుతోందని అర్థం. ఒకసారి 20 దగ్గర, ఒకసారి 71 దగ్గర, ఇంకోసారి 44 దగ్గర ఆగితే, తప్పు చోటుకు సంబంధించినది కాదు. ర్యామ్, వేడి, కరెంటు, ప్రాసెసర్ వంటి నిలకడ లేని కారణం ఒకటి ఉంది. అప్‌డేట్ ఆగిన చోటు నుంచి కొనసాగుతుంది కనుక రెండోసారి శాతం కాస్త ముందుకు జరిగి కనిపించవచ్చు, అది గమనించుకుని రాయాలి.

కాగితం తరువాత చూడవలసినవి యంత్రం తానే రాసుకున్న చీటీలు. విండోస్‌లో స్టార్ట్ దగ్గర “రిలయబిలిటీ” అని టైప్ చేస్తే రిలయబిలిటీ హిస్టరీ తెరుచుకుంటుంది. రోజుల వారీగా గడులు, కూలిపోయిన రోజున ఎర్రని గుర్తు, దాని మీద నొక్కితే ఏ ప్రోగ్రాము, దానిలోని ఏ మాడ్యూల్ (భాగం) దగ్గర పడిపోయిందో ఉంటుంది. మరింత వివరం కావాలంటే ఈవెంట్ వ్యూయర్ ఉంది. అక్కడ అప్లికేషన్ విభాగంలో 1000 సంఖ్య గల నమోదు కనిపిస్తే ఒక ప్రోగ్రాము కూలిపోయిందని. సిస్టమ్ విభాగంలో కెర్నెల్ పవర్ 41 కనిపిస్తే సరిగా మూయకుండా యంత్రం ఆరిపోయి మళ్లీ లేచిందని. డిస్క్ పేరుతో 7 కనిపిస్తే డిస్కులో చెడిన భాగం తగిలిందని. స్టీమ్ ఉన్న ఫోల్డర్‌లో లాగ్స్ అనే ఉపఫోల్డర్ ఉంటుంది, అందులోని కంటెంట్ లాగ్ నోట్‌ప్యాడ్‌తోనే తెరుచుకుంటుంది. తెర మీద “అప్‌డేట్ ఎర్రర్” అని రెండు మాటలు చూపించిన చోట, లాగ్‌లో ఏ క్షణంలో ఏ పని కుదరలేదో వరుసగా రాసి ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఈ ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి తీసుకువస్తే, మరమ్మతు చేసేవాడికి సగం పని తీరుతుంది. ఇక్కడున్న నా తోటి పనివారికి కూడా మనవి చేస్తున్నాను: యంత్రం చేతికి రాగానే ఫార్మాట్ మొదలుపెట్టకండి, ముందు ఈ చీటీలు చదవండి.

శాతం ఒకే చోట ఆగుతున్నప్పుడు ఏం జరుగుతుందో చెబుతాను. మొదటి అనుమానం డిస్క్ మీదే. ప్రతి డిస్కూ స్మార్ట్ అనే పేరుతో తన ఆరోగ్య చిట్టా తానే రాసుకుంటుంది, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాధనంతో దాన్ని చదవవచ్చు. హార్డ్ డిస్కులో 5వ వరుసలో చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల (డిస్కులోని చిన్న గడుల) లెక్క, 197లో చదవలేక అనుమానంలో ఉంచిన సెక్టార్ల లెక్క ఉంటాయి. 197లో సున్నా కాకుండా ఏదైనా అంకె కనిపిస్తే ఆట సంగతి తరువాత చూసుకుందాం, ముందు ఇంట్లోవారి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు వేరే డిస్కులోకి దించండి. 199వ వరుస పెరుగుతుంటే మాత్రం కంగారు పడవద్దు, అక్కడ చాలాసార్లు డిస్క్ బాగానే ఉంటుంది, డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్యనున్న శాటా కేబుల్ వదులుగానో పాతబడో ఉంటుంది. కేబుల్ మార్చి, పెరుగుదల ఆగిందా లేదా చూస్తే సరిపోతుంది.

పెన్‌డ్రైవ్‌లోనో పాత ఎక్స్‌టర్నల్ డిస్కులోనో ఆట పెట్టుకున్నవారు అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందేమో చూడాలి. ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీలకు మించకూడదు. నిన్నటి దాకా 3.9 జీబీలు ఉన్న ఫైలు నేటి అప్‌డేట్‌తో 4 దాటితే, ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే చోట ఆగుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ వంటి, పెద్ద ఫైళ్లను పట్టే పద్ధతికి మార్చుకోవడం తప్ప దారి లేదు.

యాంటీవైరస్ అడ్డుకోవడమూ ఒకే చోట ఆగేలా చేస్తుంది. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే కాపలా ఉంది. అది ఆన్‌లో ఉంటే, తెలియని ప్రోగ్రాములు డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లలో రాయకుండా ఆపుతుంది. చాలా ఆటలు తమ సేవ్ ఫైళ్లను (ఆట ఎంతవరకు ఆడామో దాచే ఫైళ్లను) అక్కడే రాస్తాయి కనుక చిక్కు వస్తుంది. యాంటీవైరస్‌ను పూర్తిగా తీసివేయమని చెప్పేవారి మాట దయచేసి వినకండి. ప్రొటెక్షన్ హిస్టరీ తెరచి, ఏ ఫైలును ఆపిందో చూసి, అది కొనుక్కున్న ఆట ఫైలే అని నమ్మకం కుదిరితే ఆ ఒక్కదానికి అనుమతి ఇవ్వండి.

ఇక్కడ ఒక యంత్రం గురించి వివరంగా చెప్పాలి. రెండేళ్ల కిందట పటమట నుంచి ఒక పెద్దాయన మనుమడి కంప్యూటర్ తెచ్చారు. ఆట డి డ్రైవ్‌లో ఉంది, చోటు ఉంది, డిస్క్ చిట్టా శుభ్రంగా ఉంది, ర్యామ్ మంచిది. అప్‌డేట్ ప్రతిసారీ ముగింపుకు వచ్చి, ఆట తొలిసారి తెరుచుకోబోతూ మూసుకుపోతుంది. మూడు గంటలు చూశాను. చివరకు లాగ్ ఫైలులో ఒక వరుస కంటపడింది: సి డ్రైవ్, యూజర్స్, ఆ తరువాత వరుసగా ఆరు ప్రశ్నార్థకాలు. ఏమిటా ప్రశ్నార్థకాలని యూజర్స్ ఫోల్డర్ తెరిచి చూస్తే, పిల్లవాడి పేరు చక్కని తెలుగు లిపిలో ఉంది. తాతగారు విండోస్ పెట్టించినప్పుడు తెలుగులోనే పేరు రాయించారట.

జరిగింది ఇది. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు, విండోస్ మన లిపిని బాగానే అర్థం చేసుకుంటుంది. కానీ అంతకు ముందరి పాత పద్ధతిలో, కోడ్ పేజీ అనే పట్టికల పద్ధతిలో, విండోస్ సిస్టమ్ పట్టికల్లో తెలుగుకు చోటే లేదు. ఆట రాసినవారు ఆ పాత పద్ధతిలో ఫైలు దారిని అడిగితే, విండోస్ తన పట్టికలో లేని ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టి ఇస్తుంది. ప్రశ్నార్థకం గుర్తు విండోస్‌లో ఏ ఫైలు పేరులోనూ, ఏ ఫోల్డర్ పేరులోనూ ఉండటానికి వీలు లేదు. దాంతో ఆట లేని చోటికి వెళ్లి తలుపు తడుతుంది. ఆట డి డ్రైవ్‌లో ఉన్నా సెట్టింగులు, తాత్కాలిక ఫైళ్లు సి డ్రైవ్‌లోని యూజర్ ఫోల్డర్‌లోనే పడతాయి కనుక తప్పించుకునే వీలు లేదు.

సెట్టింగ్స్‌లో పేరు మార్చినంత మాత్రాన ఆ ఫోల్డర్ పేరు మారదు, అది ఖాతా తెరిచిన రోజున పడిన పేరు. ఇంగ్లీషు అక్షరాలతో కొత్త యూజర్ ఖాతా తెరచి, ఆ తరువాత తెర మీద కనిపించే పేరును తిరిగి తెలుగులోకి మార్చాను. ఫోల్డర్ ఇంగ్లీషులో, పలకరింపు తెలుగులో. ఆట నడిచింది. పెద్దాయన సంతోషించారు కానీ, తన భాషలో తన పేరు రాసుకున్నందుకు ఒక పిల్లవాడి యంత్రం మొరాయించడం నాకు ఈనాటికీ కష్టంగానే ఉంది. ఆటలు, సాఫ్ట్‌వేర్లు రాయబోయే విద్యార్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ ప్రోగ్రామును మార్కెట్లోకి పంపే ముందు ఒక్కసారి తెలుగు పేరున్న ఫోల్డర్‌లో నడిపి చూడండి, ఇది నా ప్రార్థన.

ఇక శాతం ఒక్కోసారి ఒక్కో చోట ఆగే యంత్రాల సంగతి. మన ఊళ్లో మొదట చూడవలసింది వేడి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం గది ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. కానూరు హాస్టల్లో ఉండే ఒక విద్యార్థి యంత్రం రాత్రి పదకొండు తరువాత ఎంత పెద్ద అప్‌డేటైనా పూర్తి చేసేది, మధ్యాహ్నం మాత్రం పది నిమిషాలకే ఆరిపోయేది. అతను తన కాగితం మీద సమయాలు రాసి తెచ్చాడు కనుకనే ఆ తేడా దొరికింది. కేబినెట్‌ను మంచం కిందికి, గోడకు ఆనించి తోశాడు. పక్క తలుపు విప్పితే, ప్రాసెసర్ మీద వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము పేరుకుని, చిమటాతో పట్టుకుని లాగితే గుడ్డపేలికలా ఒకే ముక్కగా ఊడివచ్చింది. హీట్‌సింక్ కింద, ప్రాసెసర్ వేడిని దానికి చేరవేసే థర్మల్ పేస్టు సున్నంలా ఎండిపోయి ఉంది. ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి చేరితే ముందు వేగం తగ్గించుకుంటుంది, అయినా తగ్గకపోతే తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. ముక్కలను విప్పే పనిలో అన్ని కోర్లూ పనిచేస్తాయి కనుక అప్‌డేట్‌లో ఆ వేడి తొందరగా వస్తుంది.

తరువాతది కరెంటు. సరఫరా పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు ఒక చిన్న ఖాళీ ఉంటుంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్ పూర్తి బరువు మీద నిలబడగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లే. ఫ్యాను, లైటు ఆ ఖాళీని గమనించవు, కంప్యూటర్ ఆరిపోతుంది, కెర్నెల్ పవర్ 41 నమోదవుతుంది. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అనే మీట ఉంటుంది, దాన్ని ఆ వైపుకు తిప్పితే మారే సమయం తగ్గుతుంది. కంప్యూటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ ఉంటే ఇంకా మంచిది.

ర్యామ్ గురించి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్ వైపు ఇళ్లలోకి వచ్చిన తరువాత నెలల తరబడి నా దగ్గరికి తడిసి ఆరిన యంత్రాలు వచ్చాయి. మునిగిన ఎస్‌ఎంపీఎస్‌ను మళ్లీ వాడవద్దని అందరికీ చెప్పాను. నీళ్లు తగలకుండా బల్ల మీద మిగిలిన యంత్రాలు కూడా ఆ చెమ్మకు దెబ్బతిన్నాయి. అలాంటి ఒక యంత్రంలో ఆట ఆడటానికి ఏ ఇబ్బందీ లేదు, అప్‌డేట్ మాత్రం ప్రతిసారీ “ఫైలు పాడైంది” అంటూ వేర్వేరు చోట్ల ఆగేది. రెండు ర్యామ్ స్టిక్కులు తీసి వెలుతురులో పట్టి చూస్తే, ఒకదాని బంగారు రంగు పళ్ల మీద గోధుమ రంగు పొర కనిపించింది. పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరుతో మెల్లగా ఒకే దిక్కుకు రుద్ది, రబ్బరు పొట్టు ఊదివేసి, మళ్లీ బిగించి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపాను. తప్పులు రాలేదు, అప్‌డేట్ పూర్తయింది. రబ్బరుతో పోని సందర్భాల్లో ఒక్కో స్టిక్కును విడిగా పెట్టి పరీక్షించాలి. రెండూ ఒకేసారి మార్చేస్తే ఏది చెడ్డదో ఎప్పటికీ తెలియదు. ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేయాలని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదటి రోజే చెబుతాను.

ప్రాసెసరే దోషి అయిన సందర్భమూ ఇటీవలి చరిత్రలో ఉంది, దీనిని మరమ్మతు చేసేవారు గుర్తుపెట్టుకోవాలి. ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నింటితో ఆటలు విచిత్రంగా కూలిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఆట మొదలయ్యే ముందు ఫైళ్లు విప్పేటప్పుడో, షేడర్లు (తెర మీద బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే చిన్న ప్రోగ్రాములు) తయారయ్యేటప్పుడో పడిపోయేవి. గ్రాఫిక్స్ కార్డులో చోటు నిండుగా ఉన్నా “వీడియో మెమొరీ చాలడం లేదు” అనే తప్పుదారి పట్టించే సందేశం వచ్చేది. అది నమ్మి గ్రాఫిక్స్ కార్డు మార్చుకున్నవారు ఉన్నారు, ఫలితం లేకపోయింది. ప్రాసెసర్‌కు అవసరానికి మించిన వోల్టేజి వెళ్లడం దీనికి కారణమని 2024లో ఇంటెల్ ప్రకటించింది. ఆ ఆగస్టులోనూ సెప్టెంబరులోనూ కొత్త మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి నడవడిని నిర్దేశించే కోడ్) విడుదల చేసింది, వారంటీని మరో రెండేళ్లు పెంచింది. ఆ మైక్రోకోడ్ మదర్‌బోర్డులో ఉండి యంత్రాన్ని మొదట లేపే ప్రోగ్రామైన బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను మాత్రం అది బాగుచేయలేదు. మీ ఇంట్లో ఆ తరం యంత్రం ఉంటే, ముందు బయోస్ ఏ నెలదో చూసుకోండి.

నెట్ గురించి ఎక్కువ చెప్పను. అందరూ మొదట తిట్టేది దానినే, నా అనుభవంలో కూలిపోవడానికి అది కారణమయ్యేది చాలా తక్కువ. నెట్ ఆగితే అప్‌డేట్ ఆగుతుంది, వచ్చాక కొనసాగుతుంది. దారిలో ఒక ముక్క పాడైనా వేలిముద్ర కలవక మళ్లీ దింపుకుంటుంది.

అప్‌డేట్ పూర్తయ్యాక ఆట తెరుచుకోకపోతే, చెరపకుండానే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ముందుగా సేవ్ ఫైళ్ల ఫోల్డర్‌ను వేరే చోటికి కాపీ చేయండి. డాక్యుమెంట్స్‌లోనో, సేవ్డ్ గేమ్స్‌లోనో, యాప్‌డేటాలోనో ఉంటుంది. క్లౌడ్‌లో ఉంది కదా అని ధీమా పడవద్దు, పాడైన సేవ్ కూడా క్లౌడ్‌కు అంతే శ్రద్ధగా చేరుతుంది. తరువాత మోడ్‌లు (ఇతరులు రాసి ఆటకు జోడించే మార్పులు) వాడుతుంటే వాటిని పక్కకు తీయండి, అవి పాత కూర్పు కోసం రాసినవి. గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేయండి. ఆ పిమ్మట స్టీమ్‌లో ఆట పేరు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో “వెరిఫై ఇంటెగ్రిటీ” నొక్కితే, డిస్కులోని ఫైళ్లను సరిచూసి, తేడా ఉన్న భాగాన్ని మాత్రమే తిరిగి తెస్తుంది. వంద జీబీల డౌన్‌లోడ్ బదులు చాలాసార్లు కొన్ని ఎంబీలతో పని ముగుస్తుంది. ఒకటి గమనించండి: వెరిఫై చేసిన ప్రతిసారీ వేరువేరు సంఖ్యలో ఫైళ్లు చెడ్డవని వస్తుంటే, ఫైళ్లు కాదు చెడ్డవి, చదివే ర్యామో డిస్కో చెడ్డది.

“మరి తప్పెప్పుడూ మాదేనా, ఆట తయారుచేసినవారిది ఉండదా?” అని ముందు వరుసలో ఒక అబ్బాయి అడుగుతున్నాడు. న్యాయమైన ప్రశ్న, బాబూ. ఉంటుంది. 2007 డిసెంబరులో ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటకు ట్రినిటీ పేరుతో పెద్ద అప్‌డేట్ ఇచ్చింది. ఆ ఆటకు బూట్ డాట్ ఐఎన్‌ఐ అనే పేరుతో ఒక సొంత ఫైలు ఉండేది. విండోస్ ఎక్స్‌పీ లేవడానికి అవసరమైన ఫైలు పేరు కూడా అదే, అది సి డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది. అప్‌డేట్ తన ఫైలును తొలగించబోయి విండోస్ ఫైలును తొలగించింది. ఆట సంగతి అటుంచి, కొందరి కంప్యూటర్లే లేవలేదు. సంస్థ తప్పు ఒప్పుకుని, జరిగినదంతా వివరంగా బయటపెట్టింది. అలాంటి రోజున మీరు మీ ఇంట్లో ఎంత వెతికినా ఏమీ దొరకదు. గుర్తుపట్టడం ఎలాగంటే, మీకు కూలిపోయిన గంటలోనే మీ స్నేహితులకూ అదే చోట కూలిపోతుంది. అప్పుడు ఏమీ ముట్టుకోకుండా ఒకటి రెండు రోజులు ఆగండి, సవరణ వస్తుంది.

వెనుక వరుస నుంచి ఒక అమ్మగారు, “ఈ ఆటల వల్ల కంప్యూటర్ పాడవుతోందా, తీసేయించమంటారా?” అని అడుగుతున్నారు. లేదమ్మా, ఆట వల్ల పాడవలేదు. ఆ యంత్రంలోనే మీ అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు, మీ ఇంటి లెక్కలు కూడా ఉన్నాయి. డిస్క్ పాడవుతుంటే ఆ ఫైళ్లు మౌనంగా పాడవుతాయి, ఎవరికీ చెప్పవు. ఆట అప్‌డేట్ ప్రతి ముక్కకూ వేలిముద్ర చూస్తుంది కనుక మొదట అదే కేక పెట్టింది. ఆట తీసేయించే ముందు ఆ యంత్రాన్ని ఒకసారి చూపించండి.

మాచవరం నుంచి ఒక విద్యార్థి తన యంత్రాన్ని ఇక్కడికే తీసుకువచ్చాడు. అప్‌డేట్ నాలుగుసార్లు ఆగిందట, శాతాలు రాసుకున్నాడు: 12, 58, 31, 77. మధ్యాహ్నమూ ఆగింది, తెల్లవారుజామునా ఆగింది. ఈవెంట్ వ్యూయర్‌లో 41 లేదు, 7 లేదు. 1000 మాత్రం నాలుగుసార్లు ఉంది, ప్రతిసారీ మాడ్యూల్ వేరు. మెమ్‌టెస్ట్86 ఉన్న పెన్‌డ్రైవ్ నా దగ్గర ఉంది. స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వండి. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ఎడమ పక్క తలుపు విప్పుతున్నాను. దగ్గరికి రండి, ముందు ఒక ర్యామ్ స్టిక్ మాత్రమే ఉంచి మొదలుపెడదాం.